ప్రొఫెసర్‌తో తొలి వీడియో కాల్‌

ప్రశ్న: అమెరికాలో పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టాను. ఒక ప్రొఫెసర్‌ వీడియో కాల్‌లో మాట్లాడదామన్నారు. ఎలా సిద్ధం కావాలి? ఫండింగ్‌ గురించి అడగొచ్చా?

జవాబు: వారి పేపర్లన్నీ బట్టీ పట్టే పని పెట్టుకోకండి. ఈమధ్య వచ్చిన ఒక్కటి తీసుకుని, అందులో ఒక గ్రాఫు దగ్గర ఆగండి. ఆ గీత అక్కడే ఎందుకు వంగింది, శాంపిల్‌ మారిస్తే ఏమయ్యేది అని మీకు నిజంగా సందేహం పుట్టేదాకా చదవండి. మీ మార్కులు, సీవీ వారి దగ్గర ఉండనే ఉన్నాయి. కాల్‌లో వారు చూసేది, ఏళ్ల తరబడి మీతో కలిసి ఆలోచించగలమా అన్నది. అందుకే మీ ప్రాజెక్టు గురించి రెండు నిమిషాల్లో చెప్పడం పైకి అనుకుంటూ సాధన చేయండి. అందులో ఫలించనిదేదైనా ఉంటే అదీ దాచకుండా చెప్పండి.

ఫండింగ్‌ అడగడానికి మొహమాటం వద్దు. అక్కడ చాలా పీహెచ్‌డీల్లో ట్యూషన్‌ ఫీజు మాఫీ, స్టయిపెండ్‌ టీచింగ్‌ లేదా రీసెర్చ్‌ అసిస్టెంట్‌షిప్‌తో ముడిపడి ఉంటాయి. కాబట్టి అది మామూలు ప్రశ్నే. కాకపోతే చదువు సంగతులు అయ్యాక, ‘వేసవి నెలల్లో స్టయిపెండ్‌ ఎలా ఉంటుంది?’ అని సూటిగా అడగండి. ల్యాబ్‌లో ఇప్పుడున్న విద్యార్థులతో మాట్లాడే వీలుందా అనీ అడగండి. ఇలా అడిగితే సీటు పోతుందేమోనన్న భయం సహజమే. కానీ చాలాచోట్ల తుది నిర్ణయం అడ్మిషన్‌ కమిటీది. పైగా ఇంత చిన్న ప్రశ్నకే చిరాకుపడే గైడ్‌ గురించి ముందే తెలియడం మీకే మేలు. టైమ్‌ మాత్రం సరిచూసుకోండి: చలికాలంలో న్యూయార్క్‌ ఉదయం 10 గంటలంటే మనకు రాత్రి 8:30, వేసవిలో 7:30.