మండువా లోగిలికి భవన నిబంధనలు



పాత ఇంటి మరమ్మతుకు పూనుకునే యువ ఇంజనీరుకు మొదట ఎదురయ్యే చిక్కు, చేతిలోని నిబంధనలు చాలావరకు కొత్త కట్టడాలను ఉద్దేశించి రాసినవి కావడం. 1970లో వెలువడి, 1983, 2005, 2016లలో సవరణ పొందిన నేషనల్ బిల్డింగ్ కోడ్ స్వతహాగా సిఫారసు మాత్రమే. రాష్ట్రమో పురపాలక సంఘమో తన నియమావళిలో చేర్చుకున్నప్పుడే అది కట్టుబాటు అవుతుంది. అందువల్ల ఒక్కొక్క నియమం ఏ అపాయాన్ని నివారించడానికి పుట్టిందో ముందుగా విచారించాలి.

గోదావరి జిల్లాల మండువా లోగిలిలో నడుమ ఆకాశానికి తెరచిన చోటు (అదే మండువా), దాని చుట్టూ వసారా, వసారాలోకి తెరచుకునే గదులు, లోపలికి వాలిన పెంకుల కప్పు ఉంటాయి. నివాస గది ఎత్తు 2.75 మీటర్లు ఉండాలన్న నియమం చూరు దగ్గర భంగమైనట్లు తోచినా, వాలు కప్పుకు సగటు ఎత్తునే లెక్కించాలని కోడ్ చెబుతున్నది. ఉక్కపోత ప్రాంతాల్లో కిటికీలు నేల విస్తీర్ణంలో ఆరో వంతు ఉండాలన్న నియమం కోరేది గాలీ వెలుతురూ. లోపలి గదులకు ఆ రెండింటినీ ఇచ్చేది మండువాయే కనుక, వాన జల్లుకు జంకి దానిని ఫైబరు రేకులతో మూసివేయడం (ఇప్పుడిదొక వ్యసనమైంది) నియమాన్నీ ఇంటినీ ఒకేసారి చెరచడమే.

గోడ సంగతి ఇంతకన్నా సున్నితం. సున్నంతో కట్టిన ఇటుక గోడ నేలలోని చెమ్మను పీల్చి ఆవిరిగా వదులుతుంది. దానిపై సిమెంటు పూత వేస్తే చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పేరుకొని, ఇటుక పొడిగా రాలుతుంది. భూకంప భద్రతకు కావలసినది మూలలు విడిపోకుండా, కప్పు గోడ నుంచి జారకుండా బంధించడమే తప్ప సిమెంటు పూత కాదు; ఇటుక, రాతి కట్టడాలను పటిష్ఠం చేసే పద్ధతులను భారతీయ ప్రమాణం 13935 వివరిస్తుంది.

అగ్ని భద్రత విషయానికి వస్తే, లావు టేకు దూలం మంటలో పైపొర బొగ్గై, ఆ పొరతోనే లోపలి చేవను కొంతసేపు కాపాడుకుంటుంది గనుక దానిని ఉంచవచ్చు. కర్రపట్టీల మీది పాత వైరింగును మాత్రం నిర్దాక్షిణ్యంగా తీసివేసి, కరెంటు లీకైతే సరఫరాను తెంచే ఆర్‌సీసీబీ అమర్చాలి. ఇల్లు వసతిగృహంగా మారితే వినియోగ వర్గమే మారుతుంది కాబట్టి, దారి తెలియని అతిథులు బయటపడే మార్గాల విషయంలో పాతదనం సాకు కారాదు.

సడలింపు కోరే దరఖాస్తుకు కొలతల పటం, దెబ్బతిన్న చోట్ల ఫోటోలు, నియమం ఆశించిన రక్షణ మరో మార్గంలో ఎలా సమకూరుతుందో తెలిపే వివరణ జతచేయాలి. ఇల్లు వారసత్వ జాబితాలో ఉంటే అందుకు సంబంధించిన అనుమతి కూడా తీసుకోవాలి. ఈ అనుమతులు చేతికందేదాకా మేస్త్రీని ఒక్క పెంకు కూడా దించనీయవద్దు.