ఆరోగ్యబోధకు రేడియో నాటకము: జంషెడ్‌పుర ప్రాంతమున కుపయోగించు పాఠము

వ్యాధినివారణకు వలయు విషయములను జనులకు జెప్పుట యొకటి. వారు వానిని గృహమున నాచరించునట్లు చేయుట వేఱొకటి. ఈ రెంటి నడుమనున్న దూరమును దగ్గించుటకు నాటక మొక సాధనమని పలుదేశముల యనుభవము చూపుచున్నది.

మెక్సికో దేశమున మిగ్యేల్ సబీదో యను నిర్మాత 1975లో వయోజనవిద్యను, 1977లో కుటుంబనియంత్రణమును విషయములుగా గొని టెలివిజను ధారావాహికలను నిర్మించెను. వానియందు పాత్రలు మూడు విధములు: మంచి యాచారమును బాటించువారు, దానిని నిరాకరించువారు, సందేహించుచు గ్రమముగా మాఱువారు. చూచువారు తమతో బోల్చుకొనుటకు మూడవ తరగతి పాత్ర మిక్కిలి తగినది. దాని కష్టమును, ఫలమును గని వారును నేర్చుకొందురు.

ఈ పద్ధతి ననుసరించి భారతదేశమున 1984 జూలైలో దూరదర్శన్ "హమ్ లోగ్" అను 156 భాగముల కథ నారంభించెను. తొలి భాగములలో గుటుంబనియంత్రణబోధ మెండగుటచే బ్రేక్షకులు విసిగిరి. బోధను దగ్గించి కథను బెంచిన పిమ్మట నాదరణ హెచ్చెను. అయినను స్త్రీల దుస్థితిని జూపుటకై కల్పించిన, సర్వమును సహించు తల్లిని బలువురు ప్రేక్షకు లాదర్శముగా గ్రహించిరి. కావున రచయిత తలంచినదే శ్రోత గ్రహించునని నమ్మరాదు, విచారించి తెలిసికొనవలయును.

2002 ఫిబ్రవరి మొదలు ఒక సంవత్సరకాలము ఆకాశవాణి "తరు" అను హిందీ ధారావాహికను బీహారు, ఝార్ఖండ్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములలో 52 భాగములుగా బ్రసార మొనర్చెను. చిన్న కుటుంబము, స్త్రీపురుష సమానత్వము, కులభేద నివారణము దాని విషయములు. బీహారులోని అబీర్‌పుర గ్రామమున యువజనులు సంఘముగా గూడి విని, చర్చించి, చదువునకు దూరమైన పిల్లలకై పాఠశాల నడిపిరి. నాటకమునకు బిమ్మట జరిగిన యీ చర్చయే కార్యమునకు మూలము.

జంషెడ్‌పురమున హిందీ, బంగాళీ, ఒడియా, సంతాలీ, హో భాషలతోపాటు, ఇనుపకార్ఖానా పనికై శ్రీకాకుళము మొదలగు ప్రాంతములనుండి వచ్చిన కుటుంబముల తెలుగును వినబడును. తండ్రి పనిలో హిందీ మాటలాడినను, బిడ్డకు జబ్బుచేసినపు డింట నవ్వ చెప్పు సలహా యింటిభాషలోనిది. కావున నాటకమును ఆ భాషలోనే యుండవలయును.

ఉదాహరణమునకు, శిశువునకు విరేచనములగుచుండ నీరు మాన్పించు నవ్వ, చనుబాలు మానక ద్రావకమును బట్టించు పొరుగామె, ఎవరి మాట వినవలయునో తెలియని తల్లి: ఈ మువ్వురే కథకు జాలుదురు. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనపుడు, కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో 6 చిన్న చెంచాల చక్కెరను, అర చెంచా యుప్పును గలుపవలయును. చెంచాలు తలగొట్టి కొలువవలయును. ఉప్పు హెచ్చిన హాని కలుగును. శిశువు త్రాగలేకున్నను, మగతగా నున్నను, విరేచనమున రక్తము కనబడినను ఆలసింపక యాసుపత్రికి గొనిపోవలయును.

ప్రసారము ముగిసిన వెంటనే ఆరోగ్యకార్యకర్త శ్రోతలచేతనే ద్రావకమును గలిపించి చూడవలయును. ఆనాటికే పొట్లములు చేరువ కేంద్రమున సిద్ధముగా నుండవలయును. నాటకము విని వచ్చిన తల్లి రిక్తహస్తములతో మరలిపోయినచో, మఱునాడు అవ్వ మాటయే గెలుచును.