లక్క రికార్డుకు ఏ ముల్లు? పాత టర్న్‌టేబుల్‌ను సిద్ధం చేసే పద్ధతి

బస్తర్ అడవుల్లో కుసుం, మోదుగ, రేగు చెట్ల కొమ్మలపై లక్క పురుగులు బతుకుతాయి. కెర్రియా లాక్కా అనే ఈ చిన్న పురుగు స్రవించే జిగురును శుద్ధి చేస్తే షెల్లాక్ తయారవుతుంది. గాజులకు, చెక్క సామాన్ల మెరుగుకు వాడే ఈ పదార్థమే ఒకప్పుడు గ్రామఫోన్ రికార్డులకు ఆధారం. మెత్తని రాతిపొడిలో షెల్లాక్, మసి కలిపి, వేడి అచ్చులో నొక్కి నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు చేసేవారు. 1908లో కలకత్తాలో మొదలైన ఈ తయారీ మన దేశంలో 1960ల్లోనూ సాగింది.

అటక మీది పాత టర్న్‌టేబుల్‌ను దించినప్పుడు రికార్డు లక్కదా, వినైల్‌దా అన్నది ముందు చూసుకోవాలి. ముల్లు, బరువు, వేగం, శుభ్రం చేసే పద్ధతి అన్నీ దాన్నిబట్టే మారతాయి. ఇక్కడ పొరపాటు జరిగితే గాడి అరిగిపోతుంది. అరిగిన గాడి మళ్లీ రాదు.

పోతే తిరిగిరాని గొంతులు

ఈ నష్టం పాటలకే పరిమితం కాదు. జార్జ్ గ్రియర్సన్ నడిపిన భారత భాషా సర్వేలో భాగంగా 1913–1929 మధ్య అనేక భాషల మాటలను గ్రామఫోన్ రికార్డులకు ఎక్కించారు. వాటిలో గోండి కూడా ఉంది. బస్తర్‌లో నేటికీ వినిపించే గోండి, తెలుగుకు దగ్గరి చుట్టం. రెండూ ద్రావిడ కుటుంబంలో ఒకే శాఖకు చెందినవి. వందేళ్లనాటి గొంతును దాచుకున్న రికార్డును ఒక తప్పు ముల్లు పాడుచేయగలదు.

అమరిక: నాలుగు మెట్లు

1. మట్టం: టర్న్‌టేబుల్‌ను కదలని బల్లపై పెట్టి, పళ్లెంపై రసమట్టంతో రెండు దిశల్లో చూడాలి. ఒకవైపు వాలితే ముల్లు గాడిలోని ఒక గోడనే ఎక్కువగా ఒత్తుతుంది.

2. ముల్లు: 78 రికార్డు గాడి వెడల్పైనది. దానికి సుమారు 75 మైక్రాన్ల వ్యాసార్ధం ఉన్న మొన కావాలి. వినైల్ ఎల్‌పీకి సుమారు 18 మైక్రాన్లు చాలు. ఎల్‌పీ ముల్లును 78 మీద పెడితే అది గాడి అడుగున దొర్లుతూ బరబరమంటుంది. పాత గ్రామఫోన్ ఉక్కు ముల్లును వినైల్‌పై అసలు పెట్టకూడదు.

3. బరువు: వెనుక బరువును తిప్పి, చేయి గాలిలో సమంగా తేలేలా చేసి, అక్కడినుంచి కార్ట్రిడ్జి తయారీదారు చెప్పిన బరువు ఇవ్వాలి. అయస్కాంత కార్ట్రిడ్జిలతో ఎల్‌పీలకు ఇది చాలావరకు 1.5–2.5 గ్రాములు. బరువు తక్కువే అయినా ఆనేచోటు అతి చిన్నది కాబట్టి గాడిపై పీడనం వాతావరణ పీడనానికి వందల రెట్లు మించుతుంది. బరువు తగ్గించడమూ ప్రమాదమే. ముల్లు ఎగిరిపడి గాడి గోడలను గీరుతుంది.

4. వేగం: మన కరెంటు 50 హెర్ట్జ్. ఫిలమెంటు లేదా నియాన్ దీపపు వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. 180 గీతలున్న కాగితపు చక్రాన్ని పళ్లెంపై ఉంచితే, సరిగ్గా 33⅓ వేగంలో గీతలు నిలిచినట్టు కనిపిస్తాయి. 78కి 77 గీతలు కావాలి. చాలా ఎల్‌ఈడీ దీపాలు ఇలా మినుకవు కనుక ఈ పరీక్షకు పనికిరావు. 1925కు ముందరి రికార్డులన్నీ కచ్చితంగా 78 వేగంలో చేసినవి కావు. 75లో ఎక్కించినదాన్ని 78లో తిప్పితే శ్రుతి 4 శాతం పెరుగుతుంది.

లోపాలు, కారణాలు

శ్రుతి ఊగుతుంటే బెల్టు సాగి ఉండవచ్చు, లేదా రికార్డు రంధ్రం మధ్యలో లేకపోవచ్చు. పళ్లెం తిరిగినకొద్దీ ‘టక్ టక్’ మంటుంటే రబ్బరు చక్రం నొక్కుకుపోయిందని అనుమానించాలి. పళ్లెం నిదానంగా మొదలైతే పాత గ్రీజు గట్టిపడి ఉండవచ్చు. దాన్ని తుడిచి కొత్త నూనె వేయాలి. అమెరికా నుంచి తెచ్చిన సింక్రనస్ మోటారు యంత్రం మన 50 హెర్ట్జ్‌పై ఆరోవంతు నెమ్మదిస్తుంది. 33⅓ కాస్తా సుమారు 28 అవుతుంది. అది 110 వోల్టులదైతే నేరుగా మన ప్లగ్గులో పెట్టకూడదు.

హమ్మని మోత వస్తే ఎర్త్ వైరును ఆంప్లిఫయర్‌కు కలిపారో లేదో చూడాలి. ధ్వని పీలగా వస్తే, అయస్కాంత కార్ట్రిడ్జి ఇచ్చే కొన్ని మిల్లీవోల్టులకు ఫోనో ప్రీఆంప్లిఫయర్ లేదన్నమాట. ఒకవైపు స్పీకరు మూగబోతే ముందుగా కార్ట్రిడ్జి వెనుక ఉన్న సన్నని తీగలను చూడాలి. లోపల చేయి పెట్టేముందు ప్లగ్గు తీసేయడం తప్పనిసరి.

స్పిరిట్ వద్దు

షెల్లాక్ ఆల్కహాల్‌లో కరుగుతుంది. చెక్కకు మెరుగు పెట్టేవారికి పనికొచ్చే ఈ గుణమే రికార్డుకు చేటు. లక్క రికార్డును స్పిరిట్‌తో తుడిస్తే గాడే కరిగిపోతుంది. డిస్టిల్డ్ నీటిలో ఒక చుక్క తేలికపాటి సబ్బు వేసి, మెత్తని కుంచెతో గాడి వెంబడి తుడిచి, మంచినీటితో కడిగి, నీడలో ఆరబెట్టాలి. మధ్యనున్న కాగితం తడవకూడదు. ఎండలో ఉంచితే రికార్డు వంగుతుంది. వానాకాలపు తేమలో బూజు పడుతుంది. అందుకే పొడి చోట నిలువుగా నిలబెట్టాలి.

అమరికంతా పూర్తయ్యాక ముందుగా పోయినా ఫరవాలేదనుకునే రికార్డుతో పరీక్షించాలి. అరుదైనదాన్ని ఆ తర్వాతే పెట్టి, మొదటిసారి వింటున్నప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. ఇక ఎన్నిసార్లు విన్నా ఆ డిజిటల్ ప్రతినే వినాలి, గాడికి విశ్రాంతి ఇవ్వాలి.