తీరిన బాకీ, తీరని పద్దు

తొలకరి సమీపించినప్పుడు మరిపెడ ప్రాంతపు రైతు ప్రత్తి విత్తనములకు, మిరప నారుకు, ఎరువులకు పెట్టుబడిని సమకూర్చుకొనవలెను. 3 లక్షల రూపాయలలోపు బ్యాంకు పంటఋణమును గడువులోగా తీర్చినవానికి వడ్డీ నూటికి సాలున 4 రూపాయలే పడును. ఆ త్రోవ మూసికొనిపోయినచో అతడు వడ్డీ వ్యాపారి గడప త్రొక్కక తప్పదు. అచ్చట నూటికి నెలకు 2 రూపాయలనిన సాలుకు 24 రూపాయలగును. లక్ష రూపాయల అప్పుపై ఏడాదికి 20 వేల రూపాయల తేడా! పాత బాకీ యున్నదను ఒక్క కారణమున ఒక కుటుంబమునకు కలుగు నష్టమిది. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయమును చక్కగా తెలిసికొని గ్రామస్థులకు తోడ్పడవలెనని మా కోరిక.

పద్దు ఎచ్చట నున్నది?

పూర్వము అప్పు లెక్క షావుకారు చిట్టాలో నుండెడిది. నాగుకు తెచ్చిన ధాన్యమైనను, నోటు వ్రాసి తెచ్చిన రొక్కమైనను, ఆ లెక్క ఇచ్చినవానికి, తెచ్చినవానికి మాత్రమే తెలిసియుండెడిది. నేడట్లు కాదు. 2005 నాటి పరపతి సమాచార సంస్థల చట్టము ననుసరించి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు తమ ఖాతాదారుల అప్పుల వివరములను పరపతి సమాచార సంస్థలకు పంపవలెను. సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు మన దేశమున పనిచేయుచున్నవి. ప్రజలు ‘సిబిల్’ అని వాడుకగా పిలుచునది ఈ పరపతి నివేదికనే. అందు 300 నుండి 900 వరకు మార్కులుండును. మార్కులు తగ్గిన కొలది అప్పు పుట్టుట కష్టమగును. సమాచారమును కనీసము 7 సంవత్సరములు భద్రపరచవలెనని నిబంధన. ఇతరులకు జామీను నిలిచినవారి నివేదికలో సైతము ఆ అప్పు చేరునని గుర్తుంచుకొనవలెను.

కొన్ని అపోహలు

అప్పు మూడేండ్లు దాటినచో చెల్లదని కొందరి నమ్మకము. 1963 నాటి కాలపరిమితి చట్టము దావా వేయు హక్కుకు మాత్రమే గడువు విధించినది. సాధారణ ప్రామిసరీ నోటుకు ఆ గడువు 3 సంవత్సరములు. గడువులోపల బాకీని ఒప్పుకొనుచు సంతకము చేసి వ్రాసియిచ్చినచో ఆ గడువు మరల మొదటినుండి లెక్కకు వచ్చును. దావాకు గడువు తీరినను బాకీ పద్దు తనంతట తాను చెరగిపోదు.

బ్యాంకు ‘రైటాఫ్’ చేసినదనిన మాఫీ చేసినట్లని తలచుట రెండవ పొరపాటు. అది బ్యాంకు తన లెక్కలను సరిచేసికొను పద్ధతి మాత్రమే. బాకీ నిలిచియే యుండును.

2010 అక్టోబరులో సూక్ష్మఋణ సంస్థల ఆగడములను అరికట్టుటకు నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సును, పిదప చట్టమును తెచ్చినది. వసూలు గ్రామ పంచాయతీ కార్యాలయముననో, కలెక్టరు నిర్ణయించిన బహిరంగ స్థలముననో జరుగవలెనని, అసలును మించి వడ్డీ గుంజరాదని అందు విధించిరి. అప్పులన్నియు రద్దైనవని మాత్రము ఆ చట్టము చెప్పలేదు. పెక్కుమంది మహిళలు అట్లు భావించి వాయిదాలు నిలిపివేసిరి. అప్పు తెచ్చినవారి పేర్లు ఎగవేతదారుల పట్టికలో చేరినవి. చట్టము రక్షణ నిచ్చినది గాని పద్దును కొట్టివేయలేదు.

పంటఋణ మాఫీ విషయమునను ఇట్టి జాగ్రత్త అవసరము. 2024 జూలై, ఆగస్టు నెలలలో తెలంగాణ ప్రభుత్వము కుటుంబమునకు 2 లక్షల రూపాయల వరకు మాఫీని అమలుపరచినది. ఒక తండాలోని రైతు బాకీ అసలు, వడ్డీ కలిసి 2,30,000 రూపాయలని అనుకొందము. పైనున్న 30 వేలను అతడు ముందుగా చెల్లించిననే 2 లక్షలు మాఫీ కాదగునని నాటి నిబంధన. ఆ సంగతి తెలియక ఊరకున్నవాని ఖాతాలో వడ్డీ పెరుగుచునే యుండును.

తీర్చవలసిన విధము

మొదట పరపతి నివేదికను తెప్పించుకొనవలెను. ప్రతి సంస్థయు ఏడాదికొక పర్యాయము పూర్తి నివేదికను ఉచితముగా నీయవలెను. చదువుకొన్న యువకుల సాయముతో ఆ సంస్థ వెబ్‌సైటు నుండి దానిని పొందవచ్చును. సెల్‌ఫోనుకు వచ్చు ఓటీపీని పరులకు చెప్పరాదు.

పిదప బ్యాంకు మేనేజరును కలిసి అసలెంత, వడ్డీ ఎంత అను లెక్కను వ్రాతమూలకముగా నడుగవలెను. మొత్తము తీర్చు శక్తి లేనివారు ఏకకాల పరిష్కారమును కోరవచ్చును. కాని తగ్గించి తీర్చిన ఖాతా నివేదికలో ‘సెటిల్డ్’ అని పడును. అది పూర్తిగా తీరిన ‘క్లోజ్డ్’ ఖాతాతో సమానము కాదు. శక్తి కలవారు పూర్తిగా తీర్చుటయే మేలు. వివాదమున్నచో లోక్ అదాలతు నాశ్రయింపవచ్చును. అచ్చటి తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానికి కోర్టు రుసుము లేదు, అప్పీలు లేదు.

సొమ్ము చెల్లించిన పిదప రశీదుతో తృప్తిపడక, బాకీ లేదను పత్రమును, అనగా నో డ్యూ సర్టిఫికెట్టును, తప్పక తీసికొనవలెను. కొన్ని వారములైన పిదప నివేదికను మరల చూచుకొనవలెను. అప్పు తీరుట ఒకటి, తీరినట్లు వ్రాయబడుట వేరొకటి.

తప్పును సరిచేయించుట

తీరిన అప్పు తీరనట్లున్నను, ఒకరి అప్పు మరొకరి పేర పడినను, బ్యాంకునకు గాని పరపతి సంస్థకు గాని ఫిర్యాదు వ్రాయవలెను. 30 దినములలో పరిష్కరింపనిచో ఆపై దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము చెల్లింపవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఉత్తరువు నిచ్చినది. అప్పటికిని ఫలితము లేనిచో రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండ మొర పెట్టుకొనవచ్చును. డబ్బు తీసికొని సిబిల్ బాగుచేయుదుమను దళారులను నమ్మరాదు. నిజమైన పద్దును ఎవరును తుడువజాలరు, తప్పు పద్దును సరిచేయించుటకు దళారితో పనిలేదు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

2016 అక్టోబరు వరకు వరంగల్ జిల్లాలోను, నాటినుండి మహబూబాబాదు జిల్లాలోను ఉన్న మరిపెడ మండలమున గ్రామములతోపాటు తండాలును పెక్కు కలవు. అక్షరములు రానివారు బ్యాంకు కాగితమును చూచి భయపడి దాచిపెట్టుదురు. వారి యిండ్లకు పోయి ఆ కాగితములను చదివి వినిపించుట సభ్యుల మొదటి పని. గ్రామసభలో ఈ అంశమునకు ఒక గంట కేటాయించి, బ్యాంకు మేనేజరును, సహకార పరపతి సంఘ కార్యదర్శిని ఆహ్వానించుట రెండవ పని. సూక్ష్మఋణ వసూలుదారులు ఉదయము 9 గంటలకు ముందును, సాయంత్రము 6 గంటల తరువాతను ఒత్తిడి చేయరాదను నియమమును స్త్రీలకు తెలియజెప్పుట మూడవ పని. ఎవరి బాకీని గూర్చియు నలుగురిలో మాట్లాడి అవమానింపరాదు. సిగ్గు వలన దాచిన కాగితమే రేపటి పెద్ద బాకీ యగును.

తొలకరికి ముందే ఈ పని పూర్తియైనచో, విత్తనముల వేళకు రైతు బ్యాంకు గడప నిర్భయముగా ఎక్కగలడు.