పాలు, మాంసము లేని భోజనము: తెలిసికొనవలసిన సంగతులు

ఇటీవల మేమొక గ్రామమునకు వెళ్లి, తెల్లవారుజామున పాల కేంద్రమువద్ద కొంతసేపు నిలిచితిమి. ఒక గృహిణి రెండు గేదెల పాలను మొత్తము కొలిచి పోసి, ఖాళీ క్యానుతో మరలిపోవుచుండెను. ఆమె కోడలికి ఏడవ నెల యని ప్రక్కవారు చెప్పగా, "కోడలి కోసం ఒక గ్లాసెడైనా ఉంచారా అమ్మా?" అని అడిగితిమి. "పోస్తేనే గదా బాబూ, పదిహేను రోజులకు బిల్లు చేతికొచ్చేది! మేము నీచు ముట్టం. పప్పు ఎప్పుడైనా ఒకపూట. అన్నం, చారు, పచ్చడితో గడిచిపోతుంది" అని ఆమె బదులు చెప్పెను.

మాంసము తినకుండుట ఆ యింటి ఆచారము. పాలు త్రాగకుండుట ఆచారము కాదు. ఇబ్బంది వలన కలిగినది. రెండును కలియుటచే ఆ యింట జంతుసంబంధమైన ఆహారమేదియు లేకపోయినది. అట్టి భోజనముతో ఆరోగ్యముగా జీవింపవచ్చునా? నిశ్చయముగా జీవింపవచ్చును. అయితే విడిచినదాని స్థానమున ఏమి చేర్చినారన్నదే ముఖ్యము. పంచాయతీ సభ్యులు ఈ విషయమును చక్కగా గ్రహించినచో పెక్కు కుటుంబములకు మేలు కలుగును.

శాకాహారమందలి భేదములు

మన దేశమున శాకాహారులనగా మాంసము, చేపలు, గ్రుడ్లు విడిచి, పాలు, పెరుగు, నెయ్యి పుచ్చుకొనువారు. పాలను, తేనెను సైతము విడిచిపెట్టువారు కొందరు కలరు. వీరిని వీగనులందురు. ఈ పేరు 1944లో ఇంగ్లండునందు డోనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు స్థాపించిన సంఘముతో వాడుకలోనికి వచ్చినది. జీవకారుణ్యముచేత విడిచినను, పేదరికముచేత విడిచినను, శరీరమునకు కావలసినవి మాత్రము మారవు.

పప్పు లేని అన్నము చాలదు

శరీరము పెరుగుటకు, అరిగిన భాగములు బాగుపడుటకు మాంసకృత్తులు అవసరము. నూరు గ్రాముల బియ్యమునందు ఇవి 7, 8 గ్రాములు మాత్రమే యుండగా, కందిపప్పునందు సుమారు 22 గ్రాములు, వేరుసెనగపప్పునందు సుమారు 24 గ్రాములు కలవు. ధాన్యములో కొరవడిన లైసీన్ అను భాగము పప్పులో సమృద్ధిగా నుండును. పప్పులో కొరవడినది ధాన్యము పూరించును. కావుననే పప్పన్నము, ఇడ్లీ, పెసరపప్పు పులగము మన పెద్దలు మనకిచ్చిన మంచి జతలు. ఈ రెండును ఒకే పూట తినవలెనను నియమము లేదు. ఒక దినములో రెండును అందిన చాలును.

హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో పెద్దవారికి దినమునకు సుమారు 85 గ్రాముల పప్పుదినుసులు, 300 మిల్లీలీటర్ల పాలు చెప్పబడినవి. పాలు లేని యింట పప్పు, ఉలవలు, అలసందలు, సోయా, వేరుసెనగ మరికొంత పెరుగవలెనే గాని తరుగరాదు.

ఎముకలకు, రక్తమునకు

పాలు మానినపుడు మొదట తగ్గునది కాల్షియము. ఇందుకు రాగులు మంచి ఆధారము. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. ఆవుపాలలో 120 మాత్రమే. ఇది పొడిపిండిని తూచి చెప్పిన లెక్క. సంకటిలో నీరు చేరును. పైగా రాగులలోని కాల్షియమంతయు వంటబట్టదు. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండిచేసినచో ఎక్కువగా వంటబట్టును. నువ్వులు, మునగాకు సైతము తోడ్పడును.

రక్తమునకు ఇనుము కావలెను. ఆకుకూరలు, పప్పులు, చిరుధాన్యములలో ఇనుమున్నను, మాంసములోని దానివలె సులభముగా వంటబట్టదు. భోజనముతో నిమ్మరసము, ఉసిరి, జామ చేర్చినచో మేలు. భోజనమైన వెంటనే టీ త్రాగుట కీడు. ఒక గంటయైన ఎడముంచవలెను.

మొక్కలనుండి లభింపనిది

విటమిన్ బి12 అను జీవసత్వమును సూక్ష్మజీవులు మాత్రమే తయారుచేయగలవు. ఇది పాలు, పెరుగు, గ్రుడ్లు, మాంసములలో లభించునే గాని, ధాన్యములందు గాని, పప్పులందు గాని, ఆకుకూరలందు గాని నమ్మదగినంత లభింపదు. కావలసినది దినమునకు రెండు, రెండున్నర మైక్రోగ్రాములే. అయినను అది లేనిచో రక్తము తగ్గును, కాళ్లు చేతులు తిమ్మిరెక్కును, మతిమరుపు కలుగును. కాలేయమందలి నిలువ కొన్ని సంవత్సరములు వచ్చుటచే లోపము ఆలస్యముగా బయటపడును.

తల్లికి ఈ లోపమున్నచో గర్భమందలి శిశువునకు నిలువ చేరదు. చనుబాలలోను అది కొరవడును. అట్టి బిడ్డ తలనిలుపుట, కూర్చుండుట ఆలస్యమగును. కాలము మించినచో నష్టము పూర్తిగా తీరకపోవచ్చును.

ఇక్కడ ఒక పొరపాటునకు అవకాశము కలదు. గర్భిణులకిచ్చు మాత్రలలో ఇనుము, ఫోలిక్ ఆమ్లము ఉండును. ఈ ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాయందు కృత్రిమముగా తయారుచేసిన శాస్త్రజ్ఞులకు నాయకత్వము వహించినవారు భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఆ మాత్రలు తప్పక వాడవలెను. కాని అవి బి12 స్థానమును తీర్చజాలవు. ఫోలిక్ ఆమ్లముచే రక్తము బాగుపడినట్లు కనిపించినను, బి12 లేమిచే నరములకు కలుగు హాని ఆగదు. కావున పాలు, గ్రుడ్లు రెండును లేనివారు వైద్యుని సలహాపై బి12 మాత్రలు వాడవలెను. గర్భిణుల విషయమున ఇది వాయిదా వేయదగినది కాదు.

పంచాయతీ చేయదగిన పనులు

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలునందు ఆరోగ్యము, స్త్రీ శిశు అభివృద్ధి పంచాయతీల విషయములుగా పేర్కొనబడినవి. కావున సభ్యులు ఈ క్రింది పనులు పూనుకొనవచ్చును.

1. పాలు, గ్రుడ్లు పుచ్చుకొనని గర్భిణులను, బాలింతలను గుర్తించి, ఆశా కార్యకర్త ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున చూపించుట.

2. పాలు పోయు కుటుంబములతో నెమ్మదిగా మాట్లాడి, గర్భిణికి, పిల్లలకు వలసిన పాలు ముందుగా ఇంట నిలుపుకొనునట్లు నచ్చజెప్పుట.

3. బడి ఆవరణములోను, బోరు నీరు వృథాయగు తావులందును మునగ, నిమ్మ, జామ మొక్కలు నాటించుట.

4. బడి భోజనమున గ్రుడ్డు తినని బిడ్డకు బదులు ఆహారము అందుచున్నదో లేదో విచారించుట. తినువారిని గాని, తిననివారిని గాని ఎవరును పరిహసింపకుండ చూచుట.

ఎవరి విస్తరిలో ఏమి ఉండవలెనో నిర్ణయించుట పంచాయతీ పని కాదు. ఆ విస్తరిలో లోపమున్నచో సకాలమున తెలియజెప్పుట మాత్రము పంచాయతీ ధర్మము. పాల కేంద్రమువద్ద మేము చూచిన గృహిణి వంటివారు మీ గ్రామమునను ఉందురు. ఆమె కోడలికి కావలసినది గొప్ప ఖర్చు కాదు: దినమునకు రెండు పూటలు పప్పు, ఒక రాగిముద్ద, గుప్పెడు వేరుసెనగ, ఆకుకూరపై పిండిన నిమ్మచెక్క, అమ్మకమునకు ముందే పక్కకు తీసిన పాలు. పాలు పుచ్చుకొననిచో, వైద్యుడు చెప్పిన బి12 మాత్ర. ఈ మాట బిడ్డ పుట్టకముందే ఆ యింటికి చేరవలెను.