కుట్టు ధాన్యము: దాని రూపములు, వాడుక

సూరత్ నగరమున శ్రావణమాసము ప్రవేశించినంతనే సలాబత్‌పురా కిరాణా దుకాణములలో ఉపవాసపు ధాన్యముల సంచులు ముందువరుసకు వచ్చును. గుజరాతీలకును తెలుగువారికిని చాంద్రమాసము అమావాస్యతోనే ముగియును గనుక శ్రావణము ఇరువురికిని ఒక్కమారే వచ్చును. వ్రతభోజనము మాత్రము వేరు. తెలంగాణ జిల్లాలనుండి మగ్గముల పనికై వచ్చి ఈ నగరమున స్థిరపడిన పద్మశాలి కుటుంబములకు ఒక్కపొద్దు అనగా పండ్లు, పాలు, లేదా ఒక్కపూట భోజనము. పొరుగింటి గుజరాతీలకు అది 'ఫరాళీ' వంటకముల దినము. ఆ పొరుగు వలననే కుట్టుపిండి తెలుగు వంటయిండ్లలోనికిని వచ్చినది. తరతరములుగా వాడిన జొన్నను చేతితో పట్టి మంచిచెడ్డలు చెప్పగల గృహిణి కూడ ఈ క్రొత్త పిండిని దుకాణదారుని మాటపైననే కొనవలసివచ్చుచున్నది. చిక్కు అక్కడనే యున్నది.

మొదట పేర్లను విడదీయవలెను. 'ఫరాళీ పిండి' అనునది ఒక ధాన్యము పేరు కాదు. రాజగరో అనునది తోటకూర జాతి మొక్క గింజ. సింగోడా అనునది చెరువులలో పెరుగు, కొమ్ములవంటి ముండ్లుగల నీటికాయ. మోరయ్యో, సామో అని పిలువబడునవి మన ఊదలు. కుట్టు వీనిలో దేనికిని చెందదు. గుజరాతీలో దీనిని 'కుట్టీనో దారో' అనియు అందురు. తెలుగున దీనికి వాడుకలోనున్న సొంతపేరు లేదు; చల్లని కొండసీమలలో పండు పైరు గనుక తెలుగు రైతు దీనిని సాగుచేసి యెరుగడు.

ఆంగ్లమున దీని పేరు బక్‌వీట్. పేరులో గోధుమ శబ్దమున్నను గోధుమతో దీనికి బంధుత్వము లేదు. వరి, గోధుమ, జొన్న గడ్డిజాతివి. కుట్టు ఆకువెడల్పు మొక్క. దీని దగ్గరి చుట్టము మన చుక్కకూర. రెండును ఒకే వృక్షకుటుంబమునకు చెందినవే, రెంటి గింజలును మూడు పలకలు గలవే. ధాన్యము నిషేధింపబడిన దినములలో కుట్టు చెల్లుబాటగుటకు ఆధారము ఇదియే. ఈ విషయమున ఆచారమును వృక్షశాస్త్రమును ఏకీభవించుట చూడ ముచ్చటగా నున్నది.

ఈ పైరు మొదట నైరుతి చైనాలో పుట్టినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. భారతదేశమున కాశ్మీరము, హిమాచలము, ఉత్తరాఖండము, సిక్కిము మొదలైన హిమాలయ ప్రాంతములలో పండును. అందు రెండు జాతులు ముఖ్యము. ఒకటి సామాన్యపు కుట్టు. గింజ నునుపు, అంచులు వాడి. రెండవది చేదు కుట్టు. గింజ చిన్నది, ముడుతలు పడియుండును. నేపాల దేశమున వీనిని 'మీఠే ఫాపర్', 'తీతే ఫాపర్' అందురు. రూటిన్ అను పదార్థము చేదు కుట్టులో మిక్కిలి హెచ్చు. ఆ చేదు వలననే దాని వాడుక తక్కువ.

ఇక బజారున లభించు రూపములు. పొట్టుతో కూడిన గింజ గోధుమవన్నె మొదలు నలుపు వరకు నుండును. పై పొట్టు గట్టిది, తినదగినది కాదు. జపానులో దానిని దిండ్లలో నింపుదురు. పొట్టు తీసిన పప్పు లేతపచ్చగానో, పాలిన గోధుమరంగుగానో యుండును. అదే పప్పును వేయించినచో ముదురు వన్నెయు కమ్మని వాసనయు వచ్చును. రష్యనులు నిత్యము గంజిగాను అన్నముగాను తినునది ఈ వేయించిన పప్పే. పప్పు విసరగా వచ్చునది పిండి. అది బూడిదవన్నె కలిగి, అక్కడక్కడ పొట్టు నలుసులతో నుండును. రాజగరో పిండివలె మీగడవన్నెలో ఉండదు. జపానులో ఈ పిండితో సోబా అను సేమియావంటి వంటకము చేయుదురు. అంగళ్లలో అమ్ము సోబాలో తరచుగా గోధుమపిండియు కలిసియుండునని గ్రహింపవలెను.

పొట్టు తీసిన నూరు గ్రాముల కుట్టులో మాంసకృత్తులు సుమారు 13 గ్రాములు. పరిమాణము కంటె గుణము గమనింపదగినది: వరియందును గోధుమయందును కొరతగానుండు లైసిన్ ఇందు సమృద్ధిగా నున్నది. మెగ్నీషియము, పీచు కూడ మెండు. ఇనుము మాత్రము గొప్పగా లేదు. రక్తహీనతకు దీనిని మందుగా భావింపరాదు.

గోధుమలోని గ్లూటెన్ కుట్టులో లేదు. గ్లూటెన్ వలన ప్రేవులు దెబ్బతిను సీలియాక్ వ్యాధిగ్రస్తులకు ఇది మేలైన ఆహారము. అయితే గోధుమ విసరిన మరలోనే, ఆ వెంటనే కుట్టు విసరినచో ఈ మేలు పోవును. అట్టి రోగులు 'గ్లూటెన్ రహితము' అను ముద్ర గల మూటనే కొనవలెను. మన దేశమున ఆ ముద్ర వేయుటకు కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదను నియమమున్నది.

అన్నిటికంటె హెచ్చరిక అవసరమైనది విడిగా అమ్ము పిండి విషయమున. కుట్టు పప్పులో కొంత క్రొవ్వు కలదు. గింజ చెక్కుచెదరకున్నంతకాలము ఆ క్రొవ్వు భద్రముగానుండును. పిండియైన పిమ్మట దానికి గాలి సోకి ముక్కవాసన పట్టును. సూరత్ వర్షకాలపు తేమ తోడైనచో బూజు పుట్టును. బూజు వలన కలుగు కొన్ని విషములు నూనెలో వేచినను నశింపవు. పూరీ మసలునూనెలో కాలినది గనుక దోషము పోయినదని కొందరు తలంతురు, అది పొరపాటు. ఈ పిండికి గిరాకీ వ్రతదినములలోనే గనుక ఒక పండుగకు మిగిలిన సరుకు మరుపండుగకు బయటికి వచ్చు అవకాశము కలదు. 2011 ఏప్రిల్‌లో నవరాత్రుల సమయమున ఢిల్లీలో కుట్టుపిండి వంటకములు తిని నూటికి పైగా జనులు వాంతులతో, తలత్రిప్పుటతో ఆస్పత్రులపాలైరి. 2025లోను నవరాత్రుల ప్రారంభమున అదే నగరమున అట్టిదే జరిగినది.

కావున పిండికంటె పప్పు కొనుట మేలు. పప్పును ఏరి, ఎండబెట్టి, కావలసినంత మాత్రమే ఇంటి యంత్రమున విసరికొనవచ్చును. పిండియే కొనవలసినచో మూసిన మూటపై తయారీ తేదీని, ఆహార భద్రతా సంస్థ వారి 14 అంకెల అనుమతి సంఖ్యను చూడవలెను. ఒక నెలకు మించిన పిండి నిలువ చేయరాదు. దానిని మూతగల డబ్బాలో, వీలైనచో శీతలపేటికలో ఉంచవలెను. చేదుగానో, ముక్కగానో వాసన వేసిన పిండిని పారవేయవలసినదే. కొత్తపిండిలో కలిపి సరిపెట్టుట వలదు.

వండుట కష్టము కాదు. పప్పును కడిగి, ఒకటికి రెండు పాళ్ల నీరు పోసి చిన్నమంటపై ఉడికించినచో పదునైదు ఇరువది నిమిషములలో అన్నమువలె విడివిడిగా నగును. పిండికి గ్లూటెన్ బిగువు లేదు గనుక రొట్టె విరిగిపోవును. ఉడికిన బంగాళాదుంపనో చేమదుంపనో కలిపి మెదిపినచో నిలుచును. ఈ రొట్టెను పెనముపై కాల్చుకొనుట ఆరోగ్యకరము. దినమంతయు ఉపవసించి సాయంకాలము నూనె పీల్చిన పూరీలు పది తినువారికి కుట్టు చేయగల ఉపకారము స్వల్పము. మధుమేహమునకు మందులు గాని ఇన్సులిన్ గాని వాడువారు వైద్యునడుగక ఉపవాసము చేయరాదు. రక్తమున చక్కెర ఒక్కమారుగ పడిపోవచ్చును.

ఈ పిండి తిన్న పిమ్మట వాంతులు, విరేచనములు కలిగినచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లము కలిపి కొద్దికొద్దిగా త్రాగించుచు, మిగిలిన పిండిని పారవేయక వైద్యునకు చూపుటకై వేరుగా నుంచవలెను. కొందరి శరీరమునకు కుట్టు బొత్తిగా సరిపడదు. అట్టివారికి కొద్దిపాటి తిన్నను దద్దురులు లేచుట, పెదవులు వాచుట, ఊపిరి సలుపకుండుట కలుగును. ఊపిరి ఇబ్బంది కనిపించినచో గృహవైద్యముతో కాలయాపన చేయక 108కి ఫోను చేయవలెను. సలాబత్‌పురావారికి ఉమర్వాడాలోని నగరపాలిక వారి స్మీమేర్ ఆస్పత్రి సమీపముననే యున్నది. ఒకమారు ఇట్లు జరిగిన వ్యక్తి పిండిని గాని, పప్పును గాని, కుట్టు పొట్టు నింపిన దిండును గాని మరల వాడరాదు.