చలికి ఆగిపోయే ఇంజను – దాని నిదానం

తెలుగులో నిదానమనే మాటకు రెండర్థాలున్నవి. తొందరపాటు లేకపోవడం ఒకటి. రోగానికి మూలకారణాన్ని కనుగొనడం రెండవది. వైద్యగ్రంథమైన మాధవనిదానానికి ఆ పేరు వచ్చింది ఈ రెండవ అర్థం వల్లనే. ఉర్దూలో హకీములు ఇదే పనిని తష్ఖీస్ అంటారు. వ్యక్తి అనే అర్థం గల షఖ్స్ అనే మాటకు అది చుట్టం. ఇది ఫలానా రోగమేగాని మరొకటి కాదని ఆనవాలు పట్టడమే తష్ఖీస్. ఈ రెండు మాటలూ మోటారు ఇంజనుకు ఎట్లు వర్తిస్తాయో చూపడం మా ఉద్దేశం. భాషాపాఠం చెప్పేవారికి ఇంజనుతో ఏమి పని అని కొందరు అనవచ్చును. కారణాన్ని వెదికే పద్ధతిని చెప్పలేని భాష పద్యాలకే పరిమితమై పోతుందని మా సమాధానం.

ఎత్తుకొన్న సమస్య ఇది. చలికాలపు ఉదయం కారును స్టార్టు చేస్తే ఇంజను అందుకొంటుంది. కాని యాక్సిలరేటరు మీది కాలు తీయగానే వణకుతుంది, మిస్సింగ్ కొడుతుంది, మొదటి మలుపు దగ్గరనో మొదటి సిగ్నలు దగ్గరనో ఆగిపోతుంది. పది నిమిషాలు నడిచిన తరువాత ఆ ఇంజనే ఏ జబ్బూ లేనట్లు సాఫీగా తిరుగుతుంది. షెడ్డుకు చేరేసరికి వేడెక్కి ఉంటుంది గనుక మెకానిక్కుకు దోషం కనిపించదు. అప్పుడు ఊహ మొదలవుతుంది. ముందు ప్లగ్గులు, తరువాత బ్యాటరీ, ఆ తరువాత పెట్రోలు పంపు మారుస్తారు. యజమాని చేతి డబ్బు పోతుంది, జబ్బు మాత్రం మరునాటి ఉదయం యథాప్రకారం హాజరవుతుంది.

చలిలో మాత్రమే కనబడే దోషాన్ని చలిలోనే పరీక్షింపవలెను. ఇది చిన్నమాటవలె తోచినా ఈ విషయమంతటికీ కీలకం ఇదే. వేడెక్కగానే దోషం మాయమవుతున్నదంటే, చల్లని ఇంజనుకు ప్రత్యేకంగా కావలసినదేదో దానికి అందడం లేదన్నమాట. కాబట్టి చల్లని ఇంజనుకు ఏమి కావలెనో ముందు తెలిసికొందాం.

పెట్రోలు ద్రవరూపంలో మండదు. ఆవిరియై గాలితో కలిసినప్పుడే మండుతుంది. పూర్తిగా మండడానికి ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. ఇంజను చల్లగా ఉన్నప్పుడు లోనికి పోయే పెట్రోలులో కొంతభాగం ఆవిరి కాక గొట్టాల గోడలకు తడిగా అంటుకొంటుంది. ఇడ్లీపాత్ర మీద చల్లని మూత పెడితే ఆవిరి నీటిబొట్లయి అంటుకొన్నట్లే. సిలిండరు లోపలికి చేరే ఆవిరి అందువల్ల తక్కువ. ఆ లోటు తీరడానికి చల్లని ఇంజనుకు పెట్రోలు ఎక్కువగా పోయవలసి వస్తుంది. అంతేకాదు, రాత్రంతా నిలిచిన నూనె చిక్కబడి ఉంటుంది గనుక లోపలి రాపిడి హెచ్చు. దానిని అధిగమించడానికి గాలి, పెట్రోలు రెండూ కొంత అదనంగా పోయి ఇంజను కాస్త వేగంగా తిరగవలెను. వేడిమీద నిమిషానికి 700 నుండి 900 చుట్లు తిరిగే ఇంజను చలిలో 1200 వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి తిరగడం ఇందుకే. దీనిని దోషమనుకొని స్క్రూ తిప్పి వేగం తగ్గించేవారు కలరు. వారే మరుసటి ఉదయం బండి ఆగిపోతున్నదని వాపోతారు.

వెనుకటి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, 1983లో వచ్చిన మారుతి 800 వంటి కార్లలో ఈ అదనపు పెట్రోలును ఇచ్చే బాధ్యత కార్బరేటరులోని చోక్‌ది. చోక్ అంటే గాలిదారికి అడ్డుగా మూతపడే ఒక పలుచని రేకు. అది మూసికొంటే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజను వేడెక్కిన కొద్దీ అది తెరచుకోవలెను. చోక్ తీగె సాగిపోయి రేకు పూర్తిగా మూతపడకపోతే చలిలో ఇంజను ఆగుతుంది. మూతపడి తెరచుకోకపోతే వేడిమీద నల్లపొగ చిమ్ముతుంది, ప్లగ్గులు మసిబారుతాయి. దోషం ఒకే రేకుది, లక్షణాలు మాత్రం పరస్పర విరుద్ధం. ఎప్పుడు బాధ పెడుతున్నదని అడగకుండా ఏమి బాధ అని మాత్రమే అడిగేవారికి ఈ తేడా తెలియదు. మంచి హకీము నాడి పట్టడానికి ముందు ఏ వేళ జ్వరం వస్తున్నదని అడుగుతాడు.

ఆ కార్లు చాలవరకు రోడ్డు వీడినవి. అంబాసిడర్, మారుతి 800 రెండింటి ఉత్పత్తీ 2014లో నిలిచిపోయినది. ఇప్పటి పెట్రోలు కార్లలో కార్బరేటరు లేదు. ఇంజక్టర్లు పెట్రోలును చిమ్ముతాయి. ఎంత చిమ్మవలెనో ఒక చిన్న కంప్యూటరు లెక్కకట్టి చెబుతుంది. ఇంజను చల్లగా ఉన్నదో వేడిగా ఉన్నదో ఆ కంప్యూటరు ఎట్లు తెలిసికొంటుంది? రేడియేటరు నీటి దారిలో అమర్చిన ఉష్ణోగ్రత సెన్సరు చెబితేనే తెలుస్తుంది. అంటే వెనుకటి చోక్ పని ఇప్పుడు ఈ సెన్సరు సాక్ష్యం మీద ఆధారపడి ఉన్నది. సాక్షి అబద్ధమాడితే తీర్పు తప్పుతుంది.

ఒక కారును ఊహించుకొందాం. ఆదిలాబాదులో జనవరి ఉదయం, 10 డిగ్రీల చలి. కారు రాత్రంతా బయట నిలిచి ఉన్నది. అది మేము పైన చెప్పినట్లే ఆగిపోతున్నది. ఇక్కడ ఒక్క భాగాన్నీ విప్పకుండా చేయగల పరీక్ష కలదు. ఇంజనును స్టార్టు చేయకుండా తాళంచెవిని మాత్రం తిప్పి, డ్యాష్‌బోర్డు క్రింద ఉండే 16 పిన్నుల సాకెట్టుకు స్కానరు తగిలించి రెండు అంకెలు చదువవలెను. ఇంజను నీటి ఉష్ణోగ్రత ఒకటి, లోనికి పీల్చే గాలి ఉష్ణోగ్రత రెండవది. రాత్రంతా కదలని కారులో ఈ రెండూ బయటి చలికి దగ్గరగా, ఒకదానికొకటి సమీపంగా ఉండవలెను. గాలి 11 డిగ్రీలని, నీరు 65 డిగ్రీలని కనిపిస్తే నీటి సెన్సరో దాని తీగెలో అబద్ధం చెబుతున్నవని తేలినట్లే. ఇంజను వెచ్చగానే ఉన్నదని నమ్మిన కంప్యూటరు అదనపు పెట్రోలు ఇవ్వలేదు, వేగమూ పెంచలేదు. పది నిమిషాల తరువాత నీరు నిజంగానే వేడెక్కుతుంది. అప్పుడు సాక్షి చెప్పేది ఇంచుమించు నిజమవుతుంది, జబ్బు మాయమవుతుంది. దోషం ఉదయంపూట మాత్రమే ఎందుకు కనబడినదో దీనితో తేటపడుతుంది. లక్షణాలన్నిటికీ సమాధానం చెప్పగల కారణమే సరియైన కారణం. ఒకటి రెండింటికి మాత్రమే చెప్పేది ఇంకా ఊహయే.

స్కానరు లేనిచోట మల్టీమీటరు చాలును. ఈ సెన్సరు వేడెక్కిన కొద్దీ దాని విద్యున్నిరోధం తగ్గుతుంది. చాలా కార్లలో 20 డిగ్రీల వద్ద 2000 నుండి 3000 ఓములు, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓములు చూపుతుంది. చలి ఉదయమే 400 ఓములు చూపే సెన్సరును మార్చవలెను. దీనినుండి మరొక సంగతి కూడా ఊహింపవచ్చును. కనెక్టరులో తుప్పుపడితే నిరోధం పెరుగుతుంది, కంప్యూటరు ఇంజనును ఉన్నదానికంటె చల్లనిదిగా భావిస్తుంది, వేడిమీద కూడా పెట్రోలు ఎక్కువ పోస్తుంది. కాబట్టి తుప్పుపట్టిన కనెక్టరు ఇచ్చే జబ్బు చలిజబ్బు కాదు, వేడిజబ్బు. చలి ఫిర్యాదుతో వచ్చిన కారుకు కనెక్టరు తుడిచి పంపితే సాధారణంగా ప్రయోజనం ఉండదు.

సెన్సరు నిజమే చెబుతున్నదనుకొందాం. అప్పుడు గాలిని విచారింపవలెను. థ్రాటిల్ బాడీ అనే గాలిద్వారం అంచున నూనెమసి పేరుకొని, కాలు తీసినప్పుడు గాలి పోవలసిన సన్నని సందును పూడ్చివేస్తుంది. వేడిమీద రాపిడి తక్కువ గనుక ఇంజను ఆ కొద్ది గాలితోనే సరిపెట్టుకొంటుంది. చలిలో చాలదు. దీనికొక సులభ పరీక్ష: వణకుతున్న ఇంజనుకు యాక్సిలరేటరును కొద్దిగా నొక్కి పట్టాలి. అంతమాత్రానికే అది కుదుటపడితే గాలి మీద అనుమానం. నొక్కినకొద్దీ ఇంకా తడబడితే పెట్రోలు తక్కువైనదని అనుమానం. ఇది తీర్పు కాదు, దారి చూపే గుర్తు మాత్రమే. ద్వారాన్ని శుభ్రపరచిన పిమ్మట కొన్ని కార్లలో కంప్యూటరుకు ఐడ్లింగును కొత్తగా నేర్పవలసి ఉంటుంది. ఆ పని మరచి, శుభ్రం చేసిన తరువాతనే చెడిపోయినదని అనుకోవడం కద్దు.

గాలి తక్కువైతే ఒక బాధ, అక్రమంగా ఎక్కువైతే మరొకటి. రబ్బరు గొట్టం పగిలినా గ్యాస్కెట్టు సందిచ్చినా లెక్కకు రాని గాలి లోనికి చొరబడుతుంది. చలికి ముడుచుకొన్న గ్యాస్కెట్టు వేడికి వ్యాకోచించి ఆ సందును తానే మూసికోవడం కూడా జరుగుతుంది. లోనికి పోయే గాలిని మీటరుతో కొలిచే కార్లలో దీనివల్ల మిశ్రమం పలుచబడి ఇంజను తడబడుతుంది. గొట్టంలోని పీడనాన్ని కొలిచే కార్లలో తడబాటు బదులు వేగం పెరగడమే తరచు కనబడుతుంది. ఈ చోరీ గాలి వేడిమీద దాగిపోవడానికి మరొక కారణం కలదు. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు సుమారు 300 డిగ్రీలకు వేడెక్కితేగాని పనిచేయదు. పనిచేయడం మొదలుపెట్టగానే అది మిశ్రమం పలుచనైనదని చెబుతుంది, కంప్యూటరు పెట్రోలును పెంచి సరిదిద్దుతుంది. రోగం పోలేదు, కప్పబడినది. స్కానరులో ఆ సవరింపు శాతం కనిపిస్తుంది. పది శాతం లోపలి సవరింపును సామాన్యంగా పట్టించుకోనక్కరలేదు. అది 20 శాతానికి ఎక్కి నిలిచిపోయినదంటే, కారు సాఫీగా నడుస్తున్నప్పటికీ ఎక్కడో దోషం ఉన్నదని అర్థం.

నిప్పురవ్వ సంగతి త్వరగా ముగిస్తాము. ప్లగ్గు మొనల ఎడం కారు పుస్తకంలో చెప్పినంత ఉండవలెను. అరిగి ఎడం పెరిగితే తడి మిశ్రమాన్ని అంటించడం కష్టం. పాత కార్లలో ప్లగ్గుతీగెల పగుళ్లు వానాకాలపు తేమలో కరెంటును బయటికి వదులుతాయి. చీకటిలో బానెటు తెరచి చూస్తే నీలికాంతి కనిపిస్తుంది. చలి లేకుండా తడి ఉన్నప్పుడు కూడా ఇంజను ఆగుతున్నదంటే ముందుగా ఇక్కడే చూడవలెను.

పరీక్ష చలిలోనే చేయవలెనన్నాము. చలికి జడిసి షెడ్డు తలుపులు మూసి ఇంజనును నడిపించడం మాత్రం కూడదు. చల్లని ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ హెచ్చుగా ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటె 200 రెట్లకు మించిన బలంతో పెనవేసుకొంటుంది. తలనొప్పి, మగత తోచేసరికే మనిషి లేవలేని స్థితిలో ఉండవచ్చును. షెడ్డులో నిద్రించే కుర్రవాళ్లకు ఈ మాట ముందుగా చెప్పవలసి ఉన్నది.

ఆ కుర్రవాళ్ల గురించి ఒక మాట. ఉస్తాదు దగ్గర శాగిర్దుగా చేరి, చెవితోనే జబ్బు పట్టగల నేర్పు సంపాదించేవారు మన పేటలలో ఎందరో ఉన్నారు. కార్బరేటరు కాలంలో ఆ చెవి చాలును. సెన్సరు అబద్ధాన్ని చెవి వినలేదు. స్కానరు చూపే అంకెలు, పుస్తకాల్లోని పట్టికలు ఆంగ్లంలో ఉండటం వల్ల వారిలో పలువురు చేతిలోని పనిని పోగొట్టుకొనే స్థితికి వస్తున్నారు. వారి తమ్ముళ్లు కొందరు మా తరగతి గదుల్లోనే కూర్చుంటారు. ఒక పాత ఇంజనును స్టాండు మీద నిలిపి, ఒక మల్టీమీటరు, ఒక సాధారణ స్కానరు సమకూర్చి, తెలుగులోను ఉర్దూలోను సాయంకాలపు పాఠాలు నడపడం మన కమిటీకి భారమయ్యే ఖర్చు కాదని మేము భావిస్తున్నాము. పాఠానికి కావలసిన మాటలను కూర్చే పనిని మేము సంతోషంగా తలకెత్తుకొంటాము.

ఇటీవల పెట్రోలు కూడా మారినది. నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలిపిన పెట్రోలు మన దేశంలో 2023లో అమ్మకానికి వచ్చినది. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటె రెండింతలకు పైగా ఉష్ణం కావలెను, మండడానికి గాలి తక్కువ చాలును. అంటే అదే గాలికి ఈ ఇంధనం కొంచెం ఎక్కువ పోయవలెను. ఇంజక్టరు కార్లు వేడెక్కిన తరువాత ఈ తేడాను తామే సవరించుకొంటాయి. మిగిలిన కార్బరేటరు కార్లకు ఆ తెలివి లేదు. పైగా ఇథనాల్ తేమను పీలుస్తుంది. నెలల తరబడి కదలని పాత కారు చలిలో మొరాయిస్తే, ట్యాంకులోని పాత పెట్రోలును తీసివేసిన తరువాతనే మిగిలిన విచారణ చేయవలెను.

ఇన్నీ చూచినా దోషం దొరకనప్పుడు సిలిండర్ల కంప్రెషను కొలువవలెను. అదీ చలిలోనే. ఒక సిలిండరులో పీడనం మిగిలినవాటికంటె బాగా తగ్గితే, ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచాడు ఇంజన్ ఆయిలు పోసి మళ్లీ కొలవాలి. పీడనం పెరిగితే పిస్టన్ రింగులు అరిగినవని, పెరగకపోతే వాల్వులు సరిగా మూతపడటం లేదని తెలుస్తుంది. ఇంజనును విప్పడానికి పూనుకోవలసినది ఈ కొలతలు చేతికి వచ్చిన తరువాతనే.